పుట్టబోయే గట్లు

తాతల కాలంలో ఆ చేనుని గుర్రమెక్కి చూసుకునేవారట. గుర్రాన్ని చూసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు గానీ ఆ మాట మాత్రం ఇంట్లో అందరి నోటా ఉంది. ఆ తాతకి ఆరుగురు కొడుకులు. వాళ్ళు పంచుకున్నాక ఎవరి ముక్క వాళ్ళు నడిచి చూసుకోవలసి వచ్చింది. వాళ్ళ కొడుకుల కాలానికి నడక కూడా అక్కర్లేకపోయింది, గట్టున నిలబడి తల అటోసారి ఇటోసారి తిప్పితే సరిపోయేది. మేకలమ్మ కొడుకుల వంతు వచ్చేసరికి తల తిప్పే శ్రమా తప్పింది, కళ్ళు తిప్పితే చాలు.

"మా పిల్లల నాటికి కళ్ళు మూసుకున్నా పరవాలేదు. చూడ్డానికి ఏముంటుంది కనుక," అనేవాడు ఆమె చిన్నకొడుకు. వాడికి ప్రతిదీ వేళాకోళమే. ఇల్లు అంటుకున్నా ముందు ఒక జోకు వేసి ఆ తరవాత నీళ్ళ బిందె ఎత్తే రకం.

మేకలమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, ఊరు పెట్టింది. ఆమె ఎక్కడుందో తెలియాలంటే మేక అరుపు ఎటు నుంచి వస్తోందో వింటే చాలు. కట్టుకున్నవాడు పోయిన ఏడాదికి ముగ్గురు కొడుకులూ పంపకాలకి కూర్చున్నారు. పెద్దవాడు నోట్లో నాలుక లేనివాడు. వాడికి బదులు వాడి పెళ్ళాం మాట్లాడుతుంది, ఇద్దరికీ సరిపడా. నడిపివాడిని అందరూ జానగాడంటారు. చిన్నప్పుడు అమ్మ రొట్టె విరిచి పెడితే, తన ముక్క మీద జాన పెట్టి కొలిచి, ఆపైన అన్నదమ్ముల ముక్కల మీద కూడా పెట్టి కొలిచి, అప్పుడు గానీ నోట్లో పెట్టుకునేవాడు కాదు. ఈలోపు రొట్టె చల్లారేది, చిన్నవాడు వాడి ముక్క అంచు కొరికేసేవాడు, ఏడుపు మొదలయ్యేది. ముగ్గురినీ ఊరుకోబెట్టి, విరిచినప్పుడు పళ్ళెంలో రాలిన పొడి ఏరుకుని తినేది మేకలమ్మ.

పంపకాల రోజు వాకిట్లో చాపలు పరిచారు. మధ్యవర్తిగా పక్కవీధి పెద్దాయన వచ్చాడు. గిన్నెలు, పారలు, మంచాలు ఎలాగో తెమిలాయి. నిచ్చెన దగ్గర బండి ఆగింది. ఒకటే నిచ్చెన, ముగ్గురు అన్నదమ్ములు.

"మూడు ముక్కలు చేద్దాం," అన్నాడు జానగాడు.

"చేద్దాం అన్నయ్యా. ముగ్గురం మూడడుగుల ఎత్తు దాకా ఎక్కి, మిగతాది ఎగురుదాం," అన్నాడు చిన్నవాడు.

ఇక చేను. అది సగం నల్లనేల, సగం ఎర్రనేల, పక్కపక్కన ఉంటాయి. దిగువన కాలువ. నల్లనేల ఒకడికీ ఎర్రనేల ఇంకొకడికీ ఇస్తే ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. అందుకని నల్లదాంట్లో ముగ్గురికీ మూడు ముక్కలు, ఎర్రదాంట్లో ముగ్గురికీ మూడు ముక్కలు. పోనీ అడ్డంగా కోస్తే? పైముక్కవాడికి కాలువ అందదు. అందుకని నిలువుగా, పై నుంచి కాలువ దాకా. అందరికీ అన్నీ సమానంగా అందాయి. ఎవరికీ అన్యాయం జరగలేదు, చేనుకి తప్ప. అది చింపిన గుడ్డపేలికల్లా ఆరు పట్టీలైంది.

అన్నీ అయ్యాక పెద్దాయన గొంతు సవరించుకుని, "మరి అమ్మ సంగతి?" అన్నాడు.

"నాలుగు నెలలు ఒక్కొక్కరి దగ్గర," అంది పెద్దకోడలు. ఈ లెక్క ముందే వేసిపెట్టుకున్నట్టుంది.

జానగాడు వేళ్ళు ముడుస్తూ, "ముప్ఫై ఒకటి వచ్చే నెలలు ఏడున్నాయి. అవి ఎక్కువ ఒకరి మీదే పడితే ఎలా?" అన్నాడు. వాడికి అమ్మ మీద ప్రేమ లేక కాదు. కొలత పుట్టుకతో వచ్చింది, అంతే.

మేకలమ్మ అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని మేకకి ఆకులు అందిస్తోంది. ఆ ముప్ఫై ఒకటో రోజు మాట వినేసరికి ఆమె చేతిలో ఆకు చేతిలోనే ఆగిపోయింది. అంత సంసారం ఈదింది, ఎవరింట్లోనూ ఎక్కువైన రోజులా బతకలేదు.

"నన్ను వంతులేసుకోకండి," అంది. "వెనక పాక నాకు వదిలెయ్యండి. నా పొయ్యి నాది, నా కుండ నాది."

"తినడానికేం కావాలి మరి? చేలో ముక్క కావాలా?" పెద్దాయన అడిగాడు.

ముక్క అనేసరికి ముగ్గురు కొడుకుల మొహాల్లోనూ రంగు మారింది. మేకలమ్మ చూసింది. చూసి, ఉక్రోషంతోనే అంది. "ముక్కలు మీరే ఉంచుకోండి. నాకు గట్లియ్యండి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత చాపల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. గట్లా! గట్టు ఏం చేసుకుంటారు?

"నా మేకలకి గడ్డి కావాలి. నాలుగు ఆముదం మొక్కలు, నాలుగు చిక్కుడు పాదులు వేసుకుంటాను. ఇస్తారా లేదా?"

"వెడల్పెంత?" అన్నాడు జానగాడు వెంటనే.

"నేనూ నా మేకా పక్కపక్కన నడిచేంత."

"ఏ మేక?"

"చూలు మేక."

"అమ్మా! చూలు మేకా?"

"నా మేకలు చూలుతో లేనిదెప్పుడురా?"

ఇది విని చిన్నవాడు చాప మీద దొర్లాడు. నవ్వాపుకుని, చెయ్యెత్తి, దానం చేసేవాడి ఫోజు పెట్టి అన్నాడు. "ఉన్న గట్లే ఎందుకమ్మా? పుట్టబోయే గట్లు కూడా నీవే! ఈ చేలో ఎవరు, ఎప్పుడు గట్టు వేసినా అది అమ్మదే. ఏం అన్నయ్యలూ?"

"అలాగే అలాగే," అన్నారు అన్నయ్యలు, ముక్క అడగలేదన్న సంతోషంలో. "అలాగే" అన్నాడు పెద్దాయన. నలుగురూ విన్నారు. నవ్వుతూ అన్నమాటైనా, నలుగురిలో అన్నమాట మాటే.

అలా మేకలమ్మ గట్లకి యజమాని అయింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, గట్టు మీద ఆమె చేసిన సేద్యం చేలో కొడుకులు చేసినదానికన్నా బాగుండేది. నడిమధ్యన ఆముదం, దాని మొదట్లో చిక్కుడు. కాలువ దగ్గర గుమ్మడి తీగలు. అవి గట్టు దిగి కొడుకుల చేలల్లోకి పాకితే, "తీగకి తెలుస్తుందా పాపం ఎవరి హద్దు ఎక్కడో," అని కాయ మాత్రం తనే కోసుకునేది. పైగా వాలునేల కనుక నీళ్ళు జారిపోకుండా తాతలనాటి అడ్డగట్లు ఉన్నాయి. అవీ ఆమెవే. మేకలు వాటి మీద మేసి, అక్కడే ఎరువు వేసి, మళ్ళీ మేసేవి.

ఇంకో మేలు కూడా జరిగింది, అది ఎవరూ అనుకోనిది. ఊళ్ళో ఏ అన్నదమ్ములని చూసినా గట్టు దగ్గరే తలలు పగిలేవి. నువ్వు చెక్కావంటే నువ్వు జరిపావని. వీళ్ళ మధ్య ఆ గొడవ లేదు. గట్టు అన్నదీ కాదు, తమ్ముడిదీ కాదు. తగువంటూ వస్తే అమ్మతోనే రావాలి, అమ్మతో ఎవరు నెగ్గగలరు?

జానగాడు ఒకసారి ప్రయత్నించాడు. ఏటా పారతో గట్టు అంచు గడ్డి చెక్కేటప్పుడు, గడ్డితోపాటు గోరంత మట్టి కూడా తన వైపు లాగేవాడు. గోరంతే. రెండు వానలు గడిచాయి. ఒక పొద్దున మేకలమ్మ వచ్చి ఆ గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఏరా, మొక్కలు నడుస్తాయా?"

"ఏ మొక్కలమ్మా?"

"ఈ ఆముదాలు. నాటినప్పుడు నడి గట్టున నాటాను. ఇప్పుడు చూడు, అంచుకొచ్చి నిలబడ్డాయి. నీ చేను చూసి వద్దామని బయల్దేరినట్టున్నాయి."

"వానకి మట్టి జారి ఉంటుంది."

"మీ తమ్ముడి వైపు జారని మట్టి నీ వైపే జారిందా? వానకి నీ మీద అంత ప్రేమేంట్రా?"

కలుపు తీస్తున్న వాడి పెళ్ళాం మొహం అటు తిప్పుకుని నవ్వింది. వాడి ముగ్గురు కొడుకులూ నాన్నవైపు చూస్తున్నారు. జానగాడు చెవులు ఎర్రబడి, పార తీసుకుని, మట్టి ఎత్తి గట్టుకి మళ్ళీ అతికించడం మొదలుపెట్టాడు.

"అక్కడ కాదు, ఇక్కడ. చూలు మేక వస్తోంది, దారి చూడు," అంది మేకలమ్మ.

అలా ఏళ్ళు దొర్లాయి. పెద్దవాడికి ఇద్దరు కొడుకులు, జానగాడికి ముగ్గురు, చిన్నవాడికి ఒక కూతురు. పిల్లలు పెరిగారు గానీ చేను పెరగలేదు. కడుపులు పెరుగుతాయి, నేల పెరగదు కదా. పెద్దవాడి పెద్దకొడుక్కి పెళ్ళైంది. ఇంట్లో ఉన్నవే రెండు గదులు. కొత్త జంటకి ధాన్యం మూటలు పెట్టే గది ఇచ్చారు. పైనా మూటలే, కిందా మూటలే, మంచం చుట్టూ మూటలే. కొత్తపెళ్ళికూతురు నెల రోజులు చూసి, "ఎవరైనా పొరపాటున నన్ను కూడా కట్టేసి సంతకి పంపేస్తారేమో," అంది మొగుడితో. ఆ పిల్ల నోరు మంచిదే. మేకలమ్మకి నచ్చింది.

మొగుడు తండ్రి దగ్గరికి వెళ్ళాడు. "నాన్నా, నా వాటా నాకిచ్చెయ్. వేరే పొయ్యి పెట్టుకుంటాం. లేదంటే ఇద్దరం ఇటుకల బట్టీకి పోతాం."

పెద్దవాడికి కాదనడం రాదు. మర్నాడు పొద్దున్నే అద్దె ట్రాక్టరాయన్ని పిలిచి, పెళ్ళాన్నీ పెద్దకొడుకునీ వెంటబెట్టుకుని చేను దగ్గరికి తీసుకెళ్ళాడు, మధ్యలో చాలు పట్టించి గట్టు వేయిద్దామని. ట్రాక్టరాయన దిగి, చేను ఈ చివర నుంచి ఆ చివరకి చూసి, టోపీ తీసి తల గోక్కున్నాడు.

"దీన్ని ఇంకా రెండు చేస్తారా? ఇప్పటికే ఇది చొక్కాకి గుండీల పట్టీలా ఉంది. మళ్ళీ కోస్తే ట్రాక్టర్ దిగదు. దిగాలంటే ముందు ట్రాక్టర్ని నిలువుగా కోయించుకు రావాలి."

"మాకు ముక్కలు రెండున్నాయి కదా," అన్నాడు పెద్దవాడు.

"ఉంటే గొడవేముంది? నల్లది ఒకడికియ్యి, ఎర్రది ఒకడికియ్యి."

"మా చిన్నోడు అప్పుడే అనేశాడు, నల్లది తనకేనని. పెద్దోడూ అదే అంటున్నాడు."

ట్రాక్టరాయన టోపీ పెట్టుకున్నాడు. "మీ అన్నదమ్ములు కూడా ఇలాగే న్యాయంగా పంచుకున్నారా?"

ఆ మాటకి బదులు వచ్చేలోపు మేక అరుపు వినిపించింది. మేకలమ్మ గట్టు మీద నడిచి వస్తోంది.

"గట్టు వేస్తున్నారా?" అంది.

పెద్దవాడు తల వంచుకున్నాడు. పెద్దకోడలు ముందుకొచ్చింది. "అత్తయ్యా, మధ్యలో తాడు కట్టుకుంటాంలే. గట్టు అనకండి."

"తాడు కడితే మేక తినేస్తుంది. గట్టే వెయ్యండి. వేసింది నాది. నలుగురిలో అన్నమాట." అని, చూలు మేకని పక్కన నిలబెట్టుకుని, అంత వెడల్పు కాలితో గీసి చూపించింది. నల్లనేలలో ఒకటి, ఎర్రనేలలో ఒకటి. అటు మిగిలింది చూస్తే మంచం వాల్చుకోవడానికి సరిపోతుందేమో గానీ పంట వాల్చుకోవడానికి చాలదు.

"నానమ్మా," అన్నాడు మనవడు. కోపంగా అందామనుకున్నాడు గానీ గొంతులో కోపం రాలేదు. "ఈ రెండు గట్లూ నాకు వదిలెయ్యవూ?"

మేకలమ్మ వాడి మొహం చూసింది. మొదటి మనవడు. వాడిని ఎత్తుకుని తిప్పిన చంక ఇంకా ఆమెదే. వదిలెయ్యమంటే మనసు సగం వదిలేసింది కూడా. కానీ ఒక గట్టు వదిలితే దాని వెనకే ఇంకోటి అడుగుతారు. ఆపైన జానగాడి ముగ్గురు కొడుకులొస్తారు. గట్లన్నీ పోయాక మేకలు పోతాయి, మేకల వెనక పొయ్యి పోతుంది, పొయ్యి పోయాక మిగిలేది ఎవరింట్లోనో ముప్ఫై ఒకటో రోజు. వదలకపోతే ఈ పిల్లాడు బట్టీకి పోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"రేపు చెప్తాను," అని మేకని అదిలించుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె బదులు చెప్పకుండా వెళ్ళడం ఎవరూ అంతకుముందు చూడలేదు. ట్రాక్టరాయన కూడా అద్దె అడక్కుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారి పాలు పితికి మేకల్ని విప్పి చేనుకి వెళ్ళేసరికి, గట్ల మీద ఒక మనిషి వంగి కనిపించాడు. జానగాడే. చేతిలో ఒక పుల్ల. పుల్ల వేసి, గీత గీసి, మళ్ళీ పుల్ల వేస్తున్నాడు.

"మళ్ళీ ఏం చెక్కుతున్నావురా?"

"చెక్కడం లేదు, కొలుస్తున్నా." వాడి మొహం చూస్తే రాత్రి తిండి అరిగినట్టు లేదు. "అన్నయ్య కొడుకులు పంచుకుంటే రేపు నావాళ్ళు ముగ్గురూ నా మెడ మీద కూర్చుంటారు. ఎంత పోతుందో చూద్దామని మొదలుపెట్టా. అమ్మా, నువ్వు మమ్మల్ని ముంచేశావు!"

"నేనేం చేశాన్రా?"

"ఏం చేశావా? నీ నిలువు గట్లన్నీ తెచ్చి పక్కపక్కన పడుకోబెడితే నా ఎర్రనేల ముక్కంత ఉంది! మూడుసార్లు కొలిచా. గట్లే కదా, గడ్డే కదా అని ఇచ్చాం. నీకో ముక్క ఇచ్చినట్టే! కంచే చేను మేసిందంటే ఇదే."

మేకలమ్మకి మొదట నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి అక్కడే కూర్చుంది. చిన్నప్పుడు వీడు రొట్టె కొలుస్తుంటే పళ్ళెంలో రాలిన పొడి గుర్తొచ్చింది. ఆ పొడితోనే కదా ఒక పూట గడిచేది.

"పక్కపక్కన ఎలా పడుకోబెడతావురా వాటిని?"

"ఊరికే, లెక్కకి."

"లెక్కలో పడుకున్నవి నేల మీద పడుకోవా?"

జానగాడు పుల్ల పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆ పొద్దుటే ఇంటిల్లిపాదినీ పాక ముందుకి పిలిచింది. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, మనవలు, మూటల గది కొత్తకోడలు. కూర్చోడానికి చోటు చాలక పిల్లలు గోడెక్కారు.

"నా గట్లు వాడికిస్తున్నా," అంది మేకలమ్మ, మనవడిని చూపించి. "నిలువు గట్లన్నీ. కొత్త గట్టు వెయ్యక్కర్లేదు. పాతవే తీసెయ్యండి. తీసిన చోట ఒక ముక్కంత నేల బయటపడుతుంది. కావాలంటే వీడిని అడగండి, మూడుసార్లు కొలిచాడు. అది వాడిది."

"ఐదు చోట్ల ఐదు చీలికలు. వాడు గాలిపటంలా ఎగురుతూ దున్నుతాడా?" అంది పెద్దకోడలు.

"ఎవరి చీలిక వాళ్ళు దున్నద్దు. చేనంతా ఒకటిగా దున్నండి, ఒకటిగా నాటండి. పంటని కళ్ళంలో పంచుకోండి. మూడు పెద్ద కుప్పలు మీకు, ఒక చిన్న కుప్ప వాడికి. మట్టిని పంచితే గట్టు పుడుతుంది. గింజల్ని పంచితే ఏం పుడుతుంది? మహా అయితే పొట్టు."

అందరూ జానగాడి వైపు చూశారు. నల్లనేలలోనూ ఎర్రనేలలోనూ మధ్యముక్క వాడిదే. వాడు ఊ అనకపోతే ఏదీ కలవదు.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చస్తుందన్నారు పెద్దలు," అన్నాడు వాడు.

"గొర్రె సంగతి నాకు తెలీదు. మేక చావదు. మీరు ముగ్గురమ్మాయిలూ నాకు చెప్పకుండా దాని పాలు పితుక్కుపోతున్నారు కదా. చచ్చిందా?"

ముగ్గురు కోడళ్ళూ ఒక్కసారిగా తమ కాళ్ళ గోళ్ళు చూసుకున్నారు. "నేను పిల్లకి జలుబు చేసినప్పుడే అత్తయ్యా," అంది చిన్నకోడలు. "నేను టీలోకే," అంది నడిపికోడలు. పెద్దకోడలికి మొదటిసారి మాట దొరకలేదు. దొరికాక, విషయం మార్చింది.

"సరే, మా ఆయన తెల్లారకుండా చేలో ఉంటాడు. చిన్న మరిది పొద్దెక్కాక లేస్తాడు. కుప్పలు మాత్రం సమానమా?"

"వదినా, నేను లేచేదాకా సూర్యుడే సరిగ్గా లేవడు," అన్నాడు చిన్నవాడు.

"లేవనివాడి కుప్పలోంచి లేచినవాడు ఒక చేటెడు తీసుకుంటాడు. అంతే," అంది మేకలమ్మ.

చిన్నవాడి నవ్వు సగంలో ఆగింది. జానగాడికి మాత్రం ఆ మాట బాగా నచ్చింది. వాడు ముందుకి జరిగి కూర్చున్నాడు. "కుప్పలు ఎవరు కొలుస్తారు?"

"నువ్వే. ఇంకెవరు కొలిచినా నీకు నిద్ర పడుతుందా? కాకపోతే కొలిచినవాడు తన కుప్ప చివర తీసుకోవాలి. ముందు వాళ్ళు ఏరుకున్నాక."

జానగాడు ఆలోచించాడు. వేళ్ళు ముడిచాడు, తెరిచాడు. చివర తీసుకోవాలంటే అన్నీ సమానంగా కొలవక తప్పదు. అది తప్ప వాడికి వచ్చిందేముంది గనక? "ఒక్క ఏడు చూద్దాం," అన్నాడు. వాడి నోట ఒక ఏడంటే నూరేళ్ళ కింద లెక్క.

"మరి మా పొయ్యి?" అంది కొత్తకోడలు, అందరూ మర్చిపోయిన సంగతి.

"నా పాక గోడకి నీ గోడ ఆనించుకో. మూడు గోడలు కట్టుకుంటే చాలు, నాలుగోది నేనే కట్టి ఉంచాను. ఒక మేకని కూడా ఇస్తాను. పొద్దున్నే పితుక్కోకపోతే నీ అత్తలు పితుకుతారు, జాగ్రత్త."

"అడ్డగట్లో?" అన్నాడు పెద్దవాడు. ఆ రోజంతా వాడన్నది ఆ ఒక్కమాటే.

"వాటి జోలికి రావద్దు. అవి తీస్తే మొదటి వానకే మీ నేలంతా కాలువలో ఉంటుంది. అవి నావి. నేనూ నా మేకలూ వాటి మీదే ఉంటాం. నన్ను ఎవరూ వంతులేసుకోనక్కర్లేదు."

ట్రాక్టరాయన మళ్ళీ వచ్చాడు. అన్నదమ్ములు ముందుగా పారలతో గట్లు తెగ్గొట్టారు. ఆముదాలు పీకేశారు. మొదటి ఆముదం వేళ్ళతో సహా పైకొచ్చేసరికి మేకలమ్మ గబుక్కున వెనక్కి తిరిగి, ఏ తప్పూ చెయ్యని మేకని పట్టుకుని, "ఎందుకే అలా అరుస్తావు, ఏమైంది ఇప్పుడు, ఎవరు పోయారని," అని కేకలేసింది. మేక అసలు అరవనే లేదు. మనవడు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. పీకిన ఆముదం గింజలు దోసిట పట్టి ఆమె ఒళ్ళో పోశాడు.

గట్టు కింద నుంచి వచ్చిన మట్టి చూసి అందరూ ఆశ్చర్యపోయారు. ఏళ్ళ తరబడి మేకల ఎరువు, రాలిన ఆకు. పిడికిట్లో పడితే పిండిలా ఉంది. "మా చేలో లేని నేల అమ్మ కాళ్ళ కింద ఉంది," అన్నాడు చిన్నవాడు. అందులో మాత్రం వేళాకోళం లేదు. ట్రాక్టర్ ఒక అంచు నుంచి బయల్దేరి ఎర్రనేల దాటి నల్లనేలలోకి వెళ్ళి, అక్కడ తాపీగా తిరిగింది. ఎవరి మొక్కా తొక్కలేదు, ఎవరూ అరవలేదు. ట్రాక్టరాయన తిరిగిన ప్రతిసారీ టోపీ ఎత్తి చూపించాడు.

మధ్యాహ్నం కాలువ గట్టున అందరూ రొట్టెలు విప్పారు. జానగాడు తనది కొలిచాడేమో, ఎవరూ చూడలేదు. చిన్నవాడి కూతురు వచ్చి మేకలమ్మ ఒళ్ళో, ఆముదం గింజల పక్కన సర్దుకుని కూర్చుంది.

"నానమ్మా, పెద్దన్నయ్యకి నిలువు గట్లిచ్చావు కదా. నాకో?"

పెద్దకోడలు "ఆడపిల్లకి గట్లెందుకే" అనబోయి, ఎదురుగా ఉన్న అత్తగారిని చూసి రొట్టె కొరికింది.

"నీకు అడ్డగట్లు. నా తరవాత. అప్పటిదాకా మేకల్ని కాయడం నేర్చుకో," అంది మేకలమ్మ.

"అన్నీనా?"

"అన్నీ."

చిన్నవాడు నవ్వాడు. రొట్టె కింద పెట్టి, చెయ్యెత్తి, ఆనాటి ఫోజే మళ్ళీ పెట్టి, "ఉన్న అడ్డగట్లే ఎందుకమ్మడూ? పుట్ట..." అన్నాడు.

"ఒరేయ్, నోరు ముయ్యి!" జానగాడు లేచి నిలబడ్డాడు. ఆ మాట పూర్తయ్యేలోపు పెద్దకోడలు ఒక పెద్ద రొట్టె ముక్క తీసి మరిది నోట్లో కుక్కేసింది. ఆమె అంత చురుగ్గా కదలడం పెళ్ళైనప్పటి నుంచీ ఎవరూ చూడలేదు.

చిన్నవాడు రొట్టె నములుతూనే కూతురికి కన్నుగీటాడు. జానగాడు మాత్రం మళ్ళీ కూర్చోలేదు. ఎందుకైనా మంచిదని, అడ్డగట్లు కొలవడానికి ఒక పుల్ల వెతుక్కుంటూ బయల్దేరాడు.